తువ్వాలు కింద ఆరు నెలలు

ఆదోని ఎప్పుడైనా వెళ్ళారా అని మా గుంటూరు వైపు ఎవరినడిగినా, "మంత్రాలయం వెళ్తూ రైల్లోంచి చూశాం" అంటారు. మొన్నటి మాఘం దాకా నేనూ అంతే. రైల్లోంచి చూసిన ఊరి మీద ఎవరికీ చెడ్డ అభిప్రాయం ఉండదు. దిగితేనే చిక్కు. నేను దిగి, అటు ఎమ్మిగనూరు దాకా తిరిగి, అయిదు రోజులున్నాను. ఆ ఊళ్ళ మీద నాకు ఇప్పటికీ చెడ్డ అభిప్రాయం లేదు. ఉన్నదంతా నా మీదే. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. పై మెట్టు ఎక్కాలంటే పరిశోధన చూపించాలి. ఒక యూనివర్సిటీ మేడం క్యాన్సర్ రోగుల మనోవేదన మీద సర్వే చేస్తున్నారని తెలిసి వెళ్ళి నిలబడ్డాను. "సీమ పల్లెల నుంచి మనకు ఒక్క షీటూ లేదు, మీరు తెస్తారా?" అన్నారావిడ. తెస్తానన్నాను. కూరగాయలు తెస్తానన్నంత తేలిగ్గా అన్నాను.

షీటులో మొదటి పేజీ అంగీకార పత్రం. రెండో పేజీలో జ్వరం చూసే థర్మామీటరు లాంటి నిలువు బొమ్మ, అడుగున సున్నా, పైన పది. పోయిన వారం రోజుల్లో మీ మనసు ఎంత కష్టపడిందో ఈ బొమ్మ మీద చూపించండి అని అడగాలి. సున్నా అంటే ఏ బాధా లేదని, పది అంటే ఇక తట్టుకోలేనని. పరిశోధకుడికి ఇంతకంటే సుఖమైన పని ఉండదు. బాధ వాళ్ళది, అంకె మనది.

ఆదోని

మాఘమాసం కదా అని స్వెటరు పెట్టుకు వెళ్ళిన తెలివిగలవాణ్ణి నేను. రైలు దిగేసరికే చొక్కా వీపుకు అంటుకుంది. ఊరి వెనక బండరాళ్ళ గుట్టలు, ముందర పత్తి మిల్లులు, గాలిలో తేలుతున్న దూది. మార్కెట్ యార్డు ముందు పత్తి సంచుల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఒక షావుకారు సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు పత్తి లాగి, వేళ్ళ మధ్య సాగదీసి, రైతు ముఖం చూడకుండానే ధర చెప్పేస్తున్నాడు. మా వైపు మిర్చి యార్డులో కొనేవాడు కనీసం నాలుగు తుమ్ములైనా తుమ్మి చెబుతాడు.

స్టేషను దగ్గర చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాను. బొరుగులు, అదే మా మరమరాలు, నానబెట్టి పిండి, పచ్చిమిరపకాయ నూరి వేసి, పుట్నాల పొడి చల్లి తాలింపు పెడతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు నాలుగు ఇడ్లీలూ మూడు రకాల పల్చటి చట్నీలూ వస్తాయి, కడుపు మాత్రం నిండదు. బజ్జీ కొరికి నేను కళ్ళు తుడుచుకుంటుంటే హోటలు నడిపే ఆవిడ నీళ్ళ గ్లాసు జరిపి, "ఏం పని మీద వచ్చినావు సార్?" అని అడిగింది.

"క్యాన్సర్ వాళ్ళ గురించి రాసుకోవడానికి వచ్చానమ్మా."

ఆమె ఒకసారి చుట్టూ చూసింది. "మెల్లగ సార్. తినేటోళ్ళు ఉండారు" అని చెప్పి గిన్నెల వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ నా బల్ల దగ్గరికి రాలేదు.

నాకు దారి చూపించడానికి ఒప్పుకున్న కరుణమ్మ అక్కడికే వచ్చింది. పెద్దకడుబూరు వైపు ఆశా కార్యకర్తగా చేస్తుంది. నలభై దాటిన మనిషి, నడకలో వేగం, మాటలో పొదుపు. చర్చిలో పాట ఎత్తుకునేది తనేనన్నదే ఆ అయిదు రోజుల్లో ఆమె తన గురించి చెప్పిన ఒకే ఒక్క గొప్ప. నా షీటు తీసుకుని పైన పెద్దక్షరాలతో ఉన్న పేరు చదివింది. 'క్యాన్సర్ రోగులలో మానసిక క్షోభ: ఒక అధ్యయనం.'

"ఈ మాట కనపడితే మనల్ని గడప తొక్కనియ్యరు సార్" అంది.

"ఎందుకని? రోగం ఉన్నవాళ్ళ దగ్గరికే కదా వెళ్తున్నాం."

"ఉండాది. ఉండాదని వాళ్ళకు తెల్దు. ఇంటోళ్ళు సెప్పరు. గడ్డ అంటారు, పుండు అంటారు. ఒకాయనకు గ్యాసని సెప్పినారు."

"మరి మందులు, కర్నూలు ప్రయాణాలు?"

"గ్యాసుకే సార్."

అంటూనే షీటు పైభాగాన్ని, ఆ పేరు వెనక్కి పోయేలా, గోటితో గీసి మడిచింది. ఒకటి తర్వాత ఒకటి, కట్టలో ఉన్నవన్నీ మడిచింది. రోగికి అన్నీ విప్పి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ప్రశ్న అడగాలని నేను ఏటా క్లాసులో ఒక పాఠం చెబుతాను. ఆ పాఠం హోటల్లో బజ్జీల ప్లేటు పక్కన మడతలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. వద్దని ఒక్క మాట అనలేదు. షీట్లు లేకుండా తిరిగి వెళ్తే మేడం ముఖం ఎలా ఉంటుందోనన్నదే నా భయం.

అలాగని కోస్తా వాళ్ళం ఇందులో వెనకబడి లేం. మా పెద్దమ్మకు వచ్చినప్పుడు అల్సర్ అని చెప్పాం. ఆవిడ చివరికి అల్సర్‌తోనే పోయింది.

పెద్దకడుబూరు

రెండో రోజు పొద్దున ఆటోలో పెద్దకడుబూరు వెళ్ళాం. పత్తి ఏరడం అయిపోయిన చేలు, ఎండు కట్టె, నల్లమట్టి. మొదటి ఇల్లు సుంకమ్మది. యాభై అయిదేళ్ళుంటాయి. నిరుటి దాకా కూలికి వెళ్ళి పత్తి ఏరిన మనిషి. రొమ్ములో 'గడ్డ' తీసేశారు. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. మంచం కింద ఒక సత్తు పళ్ళెం, ఒక గ్లాసు. ఆ రెండూ ఆమెవే. ఇంట్లో మిగతా గిన్నెలతో కలవకూడదు. అంటుకుంటుందని ఎవరూ చెప్పలేదు, అంటుకోదనీ ఎవరూ చెప్పలేదు. మనవరాలు గుమ్మంలోనే నిలబడి నాన్నమ్మను చూస్తోంది, దగ్గరికి రావడం లేదు.

కోడలు నాకు కుర్చీ వేసి, అత్తకూ నాకూ మధ్య నిలబడింది. నేను షీటు చదవడం మొదలుపెట్టాను. "గత వారంలో మీరు నిస్సహాయతా భావానికి లోనయ్యారా?"

సుంకమ్మ కరుణమ్మ వైపు చూసింది.

"యాష్టగా, ఇసుగ్గా ఉంటాదా అని అడుగుతాండాడు" అంది కరుణమ్మ.

"మా అత్తకేం, బాగుండాది. తింటాది, పండుకుంటాది" అంది కోడలు.

"ఆమెను చెప్పనివ్వండమ్మా" అన్నాను. సుంకమ్మ ముందు థర్మామీటరు బొమ్మ పెట్టాను. ఆమె చాలాసేపు దాన్ని చూసి, "జరం ల్యాదు సార్ నాకు" అంది. జ్వరం గురించి కాదు, మనసు గురించి అని చెప్పాను. కోడలు మంచినీళ్ళు తేవడానికి లోపలికి తిరిగింది. ఆ కాస్త సందులో సుంకమ్మ గొంతు తగ్గించి, "సున్నా రాసుకో సార్. నువ్వు సాయంత్రానికి పోతావు. నేను ఈన్నే ఉండాల" అంది.

సున్నా రాసుకున్నాను. ఆ రోజు, మర్నాడు కలిపి తిరిగిన ఇళ్ళన్నింటిలోనూ అదే అంకె. మొగుడు పక్కన భార్య సున్నా, కొడుకు పక్కన తండ్రి సున్నా. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని రూలు. అక్కడ ఒంటరిగా కూర్చునే రోగి ఎక్కడా దొరకలేదు. అరుగు మీద పక్కింటివాళ్ళూ, గోడ మీద వాళ్ళ పిల్లలూ, కుర్చీ వేసినందుకు హక్కుగా వినే మేనమామలూ. ఒకాయన బొమ్మ చూసి దీన్ని చంకలో పెట్టుకోవాలా అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆయనా నవ్వి సున్నా చూపించాడు.

ఎమ్మిగనూరు సంత

మూడో రోజు సాయంత్రానికి ఎమ్మిగనూరు చేరి లాడ్జిలో దిగాను. మగ్గాల ఊరు. మా మంగళగిరి మగ్గాల చప్పుడు ఎరిగినవాణ్ణే అయినా, సందుల్లో నడుస్తుంటే ఇక్కడ ఆగిపోయిన మగ్గాలే ఎక్కువ కనిపించాయి. మెస్సులో జొన్నరొట్టె, వెర్రినువ్వులు దంచిన గురెళ్ళ కారం, వంకాయ కూర, పెద్ద గ్లాసు మజ్జిగ. రొట్టెలు ఎన్నయినా వేస్తారు. డెబ్బై రూపాయలు. వడ్డించే ఆయన మూడో రొట్టె వేస్తూ, "అన్నం తినేటోళ్ళకు బలం యాడిది సార్" అన్నాడు. నాకు కోపం రాలేదు. నా ఒళ్ళు చూసే అన్నాడు.

నాలుగో రోజు పశువుల సంత. ఊరి జాతర అయి నెల గడిచినా జనం బాగానే ఉన్నారు. అక్కడ చూసిందే ఈ ప్రయాణంలో అసలు సంగతి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎద్దుల మధ్య ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. ఆ చేతుల మీద తువ్వాలు కప్పుతారు. పైకి ఎండ గురించో వాన గురించో మాట్లాడుకుంటారు. కింద వేళ్ళు ధర చెబుతాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పడితే రెండు, అయిదూ కలిపి పడితే అయిదు. అయిదు పట్టి, వదిలి, ఒకటి పడితే ఆరు. చుట్టూ యాభై మంది ఉన్నా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. కుదిరితే తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటారు.

తమాషాగా ఉందని నేను మరీ దగ్గరగా వెళ్ళి తొంగిచూశాను. ఒక బేరగాడు చెయ్యి వదలకుండానే, "ఏం సార్, ఎద్దులు కొంటావా? కొనేది ల్యాకుంటే అంత దూరం జరుగు" అన్నాడు. జరిగి టీ బండి దగ్గర నిలబడ్డాను.

"ఇందులో మోసం ఉండదా?" అని టీ పోసే పెద్దాయనను అడిగాను.

"నోటితో సంతంతా అబద్దాలే సార్. ముసలి ఎద్దును కోడె అంటారు. తువ్వాలు కింద మాత్రం ఆడరు. ఆడ తప్పుడు వేలు పట్టినోని సేయి మల్ల ఈ సంతలో ఎవడూ పట్టడు."

పది రూపాయల టీ తాగి, ఆ మాటను విని వదిలేశాను.

బసన్న కొట్టం

అయిదో రోజు చివరి ఇల్లు బసన్నది, ఎమ్మిగనూరు పొలిమేరలో. ఆయన ఈ సంతలోనే నలభై ఏళ్ళు ఎద్దుల బేరాలు చేసిన మనిషి. ఇప్పుడు దవడలో పుండు. నోరు సగమే తెరుచుకుంటుంది. ఇంటికి రాకముందే, రోడ్డు మీద టీ అంగడి దగ్గర ఆయన కొడుకు నాగరాజు మమ్మల్ని ఆపాడు. ఆదోనిలో ఆటో నడుపుతాడు. నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"సార్, మా నాయనకు తెల్దు. పంటి పుండని సెప్పినాం. ఆ మాట మీ నోట్లో రాకూడదు."

"రాదు" అన్నాను. నాలుగు రోజుల్లో నాకు బాగా అలవాటైపోయింది.

"రెండు నెలలన్నారు సార్ కర్నూల్లో. ఉగాదికి ఉంటే గొప్పే అన్నారు. మాయమ్మకు గూడా ఇంత సెప్పలేదు. రోగమేందో తెల్సు ఆమెకు, ఇన్ని నెలలని తెల్దు."

ఇది నాకెందుకు చెప్పాడో అప్పుడు తెలియలేదు. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాడని ఇప్పుడనుకుంటాను. అతని బాధకు నా దగ్గర షీటు లేదు.

బసన్న వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల తలపాగా, ఎముకలు తేలిన పెద్ద చేతులు, దవడకు కట్టు. భార్య ఈరమ్మ పక్కనే కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నేను మామూలు పద్ధతిలో అడిగాను, ఈరమ్మ మామూలు పద్ధతిలో జవాబు చెప్పింది. "పంటి పుండు సార్. మానుతాంది. ముంగారి వానలకు లేసి గొర్రు పట్టుకుంటాడు, సూడు కావాలంటే." ముంగారి అంటే తొలకరి, ఇంకా నాలుగు నెలలుంది. బసన్న తల ఊపాడు. బొమ్మ ముందు పెడితే అడుగున సున్నా మీద వేలు పెట్టాడు. నేను కలం తీశాను.

"సార్‌కు ఎద్దులు సూపిస్తా" అన్నాడాయన. మాట ముద్దగా వచ్చింది కానీ అర్థమైంది. లేచి కొట్టం వైపు నడిచాడు. ఈరమ్మ చాట పక్కన పెట్టి గడపలోకి వచ్చి కూర్చుంది. కరుణమ్మ ఆమె పక్కన కూర్చుంది. అక్కడి నుంచి కొట్టం పదిహేనడుగులు ఉంటుంది. మా ఇద్దరి ముఖాలూ వాళ్ళకు కనబడతాయి.

రెండు తెల్లటి ఎద్దులు. ఒకదాన్ని పెద్దోడు అంటాడు, ఒకదాన్ని సిన్నోడు అంటాడు. పెద్దోడు ఆయన చంకలో మూతి పెట్టింది. బసన్న భుజం మీది తువ్వాలు తీసి నా కుడిచేతి మీద కప్పాడు. కింద నుంచి తన చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. ఎండిపోయిన మనిషికి ఆ పట్టు ఎలా వచ్చిందో.

నా అయిదు వేళ్ళూ కలిపి గట్టిగా పట్టాడు. వదిలాడు. మళ్ళీ అయిదూ పట్టాడు.

పది.

"ఇది నీ కాయితానికి" అన్నాడు, పెదవులు కదలకుండా, ఎద్దు వైపు చూస్తూ. "ఇప్పుడు నా బేరం."

తువ్వాలు మాత్రం తియ్యలేదు.

"నాకు తెల్సు. మొదటినించి తెల్సు. కర్నూల్లో బోర్డులు సదవలేనా? వాళ్ళు దాస్తాండారని నేనూ దాస్తాండా." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఒక్కో మాటకూ దవడ నొప్పి పెడుతున్నట్టు కన్ను మూసుకుపోతోంది. "కైరుప్పలలో ఒక రైతు ఉండాడు. నేనిచ్చిన మూడు జతలు వాని కాడే ముసలివైనాయి. కొట్టేటోడు కాదు, అమ్మేటోడు కాదు. ఈటిని వానికి ఇయ్యాల. ఇస్తే ఈ యమ్మకు తెలిసిపోతాది, నేను ముంగారికి ఉండనని నాకు తెల్సని. ఆ పొద్దునించే ఏడుపు మొదలుపెడ్తాది. దినాలు తక్కువుంటే ఏడ్సినా పర్వాల్యా, ఈ వారమే తోలిస్తా. ఎక్కువుంటే ఇప్పుడే ఏడిపించేది ఎందుకు? నేను పోయినాక ఇస్తారులే అనుకునేకి ల్యా. నాగరాజు ట్రాక్టరు మనిషి, ఎద్దులతో పని ల్యా వానికి. ఏ కటికోని లారీ వస్తే ఆ లారీ ఎక్కిస్తాడు."

"నాకు తెలియదు పెద్దాయనా. నేను డాక్టర్ని కాదు" అన్నాను.

"టీ అంగడి కాడ మావోడు నీకు సెప్పినాడు. ఈన్నించి కనపడతాది. నోరు ఒద్దు. ఆ యమ్మ సూస్తాంది. వేళ్ళతో సెప్పు. ఎన్ని నెలలు?"

తువ్వాలు కింద తన వేళ్ళు విప్పి నా చేతిలో పెట్టాడు, పట్టుకో అన్నట్టు.

రెండు వేళ్ళు పట్టుకోవాలి. అంతే పని. లేదా చెయ్యి వెనక్కి తీసుకోవాలి. అది కూడా నిజాయితీగా చేసే పనే, సంతలో రోజూ చేస్తారు. గడపలో ఈరమ్మ మెడ చాచి చూస్తోంది. నాగరాజుకు నేనిచ్చిన మాట గుర్తుకొచ్చింది. రోగికి నిరాశ కలిగించే సమాచారం పరిశోధకుడు ఇవ్వరాదన్న రూలూ గుర్తుకొచ్చింది. ఇవన్నీ తర్వాత నేను చెప్పుకున్న కారణాలు. అప్పటికి ఉన్నది ఒకటే. ఆయన కళ్ళు నా ముఖం మీద ఉన్నాయి, ఆ కళ్ళ ముందు రెండు అని చెప్పే ధైర్యం నాకు లేదు.

అయిదు వేళ్ళూ కలిపి పట్టాను. వదిలి, ఒకటి పట్టాను.

ఆయన మనసులోనే నెలలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత దవడ కట్టు కింద ఏదో సడలింది. నవ్వాడనుకుంటాను. "ఆరంటే శ్రావణం" అన్నాడు మెల్లగా. "ముంగారి ఐపోతాది. ఈ యమ్మ సంతోషంగా ఇత్తనం ఏస్తాది. శ్రావణంలో తోలిస్తా." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

వాకిట్లోకి వచ్చి ఈరమ్మతో, "సార్ జత అడిగినాడు. ఇయ్యనని సెప్పినా. ముంగారికి కావాల" అన్నాడు. ఈరమ్మ ముఖం వికసించింది. "సూసినావా సార్, నేను సెప్పలే?" అంది. నన్ను కూర్చోబెట్టి వేడి రొట్టె చేసి, వెన్న వేసి పెట్టింది. మా వైపు అంత వెన్న చుట్టానికి కూడా వెయ్యరు. మొత్తం తిన్నాను.

తిరుగు దారి

ఆదోని బస్సులో షీటు తీసి బసన్న పేరు కింద పది మీద గుర్తు పెట్టాను. కరుణమ్మ పక్క నుంచి చూసింది.

"సున్నా అన్నాడు కదా సార్."

"కొట్టంలో మార్చి చెప్పాడు."

"ఇన్ని ఇండ్లు తిరిగితే ఒక్కడు సెప్పినాడు" అని, "ఇంగేమడిగినాడు సార్? శానాసేపు పట్టుకున్నాడు సేయి" అంది.

"ఎద్దుల ధర" అన్నాను.

ఆదోనిలో దిగాక రైలుకు టైముందని అదే హోటలుకు వెళ్ళి ఉగ్గాని తిన్నాను. బజ్జీ ఈసారి కారమనిపించలేదు. అయిదు రోజుల్లో మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

ఇంటి దగ్గర

మేడం నా షీట్లు చూసి మెచ్చుకున్నారు. అన్నిటి పైభాగంలో ఈ మడత ఏమిటని అడిగారు. సంచిలో నలిగాయన్నాను. తర్వాత ఒక సెమినారులో ఆవిడ తెర మీద చూపించారు. ఆ ప్రాంతపు రోగుల్లో మనోవేదన చాలా తక్కువగా కనిపిస్తోందని, ఉమ్మడి బతుకూ కుటుంబం ఆసరా దానికి కారణం కావచ్చని చెప్పారు. హాలు చప్పట్లు కొట్టింది. బసన్న పది అందులో లేదు. అందరూ ఒక చోట ఉండి ఒక్కటి దూరంగా ఉంటే తీసేస్తారు. "పైగా అది పద్ధతి ప్రకారం తీసుకున్నట్టు లేదు. ఆయన బొమ్మ మీద చూపించాడా?" అని అడిగారు.

"లేదు మేడం. తువ్వాలు కింద చెప్పాడు."

ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను. పరిశోధన పత్రంలో నా పేరు మూడోది.

ఉగాది వెళ్ళిన రెండు వారాలకు కరుణమ్మ ఫోన్ చేసింది. బసన్న పండక్కి పది రోజుల ముందే పోయాడు. కైరుప్పల రైతు మాఘం చివర్లోనే జబ్బు సంగతి విని, తనంతట తానే వచ్చి జతను అడిగాడట. "ముంగారి ఐపోనీ, శ్రావణంలో తోలుకుపో" అని బసన్న తిప్పి పంపాడట. ఆ రైతు మళ్ళీ పదకొండో రోజు కర్మకు వచ్చాడు. అప్పటికి కొట్టం ఖాళీ.

"నాలుగు దినాల ముందే నాగరాజు సంతకు తోలినాడు సార్. లారీ ఎక్కించినారు. పెద్దోడు ఎక్కల్యాదంట. నలుగురు నూకినారంట."

ఉంటానమ్మా అని పెట్టెయ్యబోయాను. ఆమె ఇంకా లైన్లోనే ఉంది.

"ఇంగొకటి సార్. కడాకు మాట పడిపోయినాక నేను సూసేకి పోతి. దుప్పటి కింద నా సేయి పట్టుకున్నాడు. అయిదు వేళ్ళు పట్టినాడు, ఇడిసి ఒకటి పట్టినాడు. మల్ల అయిదు, మల్ల ఒకటి. ఇడిసిపెట్టల్యాదు. నా మొగం సూస్తా అట్లనే పడతాండాడు, ఏదో అడిగినట్ల. అదేం లెక్క సార్? మీకు తెల్సునా?"

"ఏం లేదమ్మా" అన్నాను.